ఇంటిపనికి పట్టే నిమిషాలు: జాతీయ సర్వేలు చెప్పేది, చెప్పనిది

సభాధ్యక్షులకు, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

గణాంక దినోత్సవం నాడు గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్‌ను స్మరించుకోవడం ఆనవాయితీ. ఆయన చొరవతో 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వేలు నేటికీ మన ఇళ్ల తలుపులు తడుతూనే ఉన్నాయి. ఆ సర్వేలు గృహిణిని ఎన్ని రకాలుగా లెక్కిస్తాయన్న ఒక్క విషయానికే ఈ సాయంత్రం పరిమితమవుతాను.

శ్రామిక శక్తి సర్వే కోసం వచ్చినవారు ‘‘మీరేం చేస్తుంటారమ్మా?’’ అని అడిగితే, బోరబండలోనైనా బంజారాహిల్స్‌లోనైనా తరచూ వినిపించే జవాబు ‘‘ఏమీ చేయనండీ, ఇంట్లోనే ఉంటాను’’ అన్నదే. ఆ జవాబు పత్రంలో 92 అనే సంకేతమవుతుంది. ఇంటిపనులతో పాటు కట్టెలు, పశువుల మేత ఏరి తెచ్చుకుంటూ ఇంటివారికి బట్టలు కూడా కుట్టే మహిళ అయితే 93. ఈ ఇద్దరూ శ్రామిక శక్తికి, అంటే పనిచేస్తున్న లేదా పని వెతుక్కుంటున్నవారి లెక్కకు, వెలుపలే మిగులుతారు.

2019లో జరిగిన కాల వినియోగ సర్వేలో ప్రశ్న మారింది. ముందురోజు తెల్లవారుజామున 4 గంటల నుంచి మర్నాడు 4 గంటల వరకు ఏమేం చేశారో అరగంట చొప్పున చెప్పమన్నారు. 1,38,799 కుటుంబాలు ఇచ్చిన జవాబుల ప్రకారం, ఇంటిపని చేసిన మహిళలు రోజుకు సగటున 299 నిమిషాలు, చేసిన పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చించారు.

వార్తల శీర్షికలు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి. కానీ ఈ సగటు ఆ రోజు ఇంటిపని ముట్టుకున్నవారికే వర్తిస్తుంది. ఆరేళ్లు, ఆపై వయసున్న మహిళల్లో 81.2 శాతం మంది ఆ పని చేయగా, పురుషుల్లో చేసినవారు 26.1 శాతమే. చేయనివారిని కూడా కలుపుకుంటే మహిళలకు 243 నిమిషాలు, పురుషులకు 25 నిమిషాలు వస్తాయి. మూడో వంతుగా కనిపించిన పురుషుల సమయం పదో వంతయింది!

ఆ 299లో చేరనివీ ఉన్నాయి. పిల్లల, వృద్ధుల సంరక్షణది వేరే పద్దు. బిందెలతో నీళ్లు తెచ్చుకోవడం సొంత వాడకానికి చేసుకునే ఉత్పత్తి కిందికి వెళుతుంది కాబట్టి, వేసవిలో బస్తీ మహిళ నీళ్ల కోసం పడే పాట్లను ఈ అంకెలో వెతకకూడదు. పైగా ఒక్కో అరగంటకు మూడు పనులకు మించి నమోదు కావు; పది నిమిషాలకన్నా తక్కువ సాగినవీ నమోదు కావు. కుక్కర్ పెట్టి, పాపకు జడ వేసి, మధ్యలో పాలవాడికి లెక్క చెప్పి పంపిన అరగంటలో పాలవాడి లెక్క గల్లంతవుతుంది.

2024 కాల వినియోగ సర్వేలో ఇంటిపని చేసినవారి సగటులు మహిళలకు 289, పురుషులకు 88 నిమిషాలకు తగ్గాయి. మహిళలకు కలిసొచ్చిన ఆ పది నిమిషాలు పురుషులు పని పంచుకున్నందువల్లే వచ్చాయనడానికి ఈ అంకెలు చాలవు. పనిచేసిన పురుషుల సమయమూ తగ్గింది కదా. మరి కారణమేమిటి? 2022-23 వినియోగ వ్యయ సర్వేలో పట్టణ కుటుంబాలు ఆహారానికి పెట్టిన ఖర్చులో అన్నిటికన్నా పెద్ద వాటా పానీయాలకు, తయారు చేసిన ఆహార పదార్థాలకు దక్కింది. మన వీధి చివరి కర్రీ పాయింటు గుర్తుకు రావడం సహజమే. అయితే ఆ ఖర్చు చెప్పిన ఇళ్లు వేరు, ఈ సమయం చెప్పిన ఇళ్లు వేరు. బయటి కూరకు పెట్టిన రూపాయలను, వంటకు పట్టిన నిమిషాలను ఒకే ఇంట్లో అడిగితే తప్ప ఈ ఊహ నిలుస్తుందో లేదో తేలదు. ఈ ఏడాది ప్రాజెక్టుకు అంశం వెతుక్కుంటున్న విద్యార్థులు నాలుగైదు కాలనీలలో, రెండు మూడు బస్తీలలో ఆ పని మొదలుపెట్టవచ్చు.