అమెరికా పాత ఫోటోలు, కట్టడాల డ్రాయింగులు ఎక్కడ వెతకాలి? లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కేటలాగ్ రివ్యూ

నమస్కారం అండీ. అమెరికా ఫోటోగ్రఫీ, ఆర్కిటెక్చర్ చరిత్ర మీద ఏదైనా రాస్తున్నవాళ్లు, ప్రాజెక్ట్ చేస్తున్నవాళ్లు ముందు చూడాల్సింది అమెరికా జాతీయ గ్రంథాలయం లాంటి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి ప్రింట్స్ అండ్ ఫోటోగ్రాఫ్స్ కేటలాగే అని నా అభిప్రాయం. లాగిన్ అక్కర్లేదు, పైసా కట్టక్కర్లేదు.

స్క్రీన్ చూడండి. 1936లో కాలిఫోర్నియాలోని నిపోమోలో డొరోథియా లాంగ్ తీసిన ‘మైగ్రెంట్ మదర్’, అంటే వలస కూలీ తల్లి ఫోటో. పెద్ద టిఫ్ ఫైల్ దించుకుని కుడివైపు కింది మూలకి జూమ్ చేయండి. గుడారం గుంజ పట్టుకున్న బొటనవేలు అక్కడ లీలగా కనిపిస్తుంది చూశారా, అది అడ్డంగా ఉందని లాంగ్ తర్వాత నెగెటివ్‌లోనే చెరిపించేసింది. చెరపకముందు ప్రింటు కూడా ఇక్కడే ఉంది, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడొచ్చు.

అసలు నన్ను కట్టిపడేసింది మాత్రం, నంబరు ప్రకారం పక్కనున్న నెగెటివ్‌లు చూపించే లింకు. మాంద్యం కాలంలో పేద రైతులకి సాయం చేసిన ప్రభుత్వ సంస్థ ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ కలెక్షన్‌లో దాదాపు 1,75,000 నలుపు తెలుపు నెగెటివ్‌లు ఉంటే, వాటిలో చాలావాటికి ఫోటోగ్రాఫర్ ఇచ్చిన శీర్షికే లేదు, కాబట్టి సెర్చ్‌లో అవి తేలిగ్గా కంటపడవు. ఆ లింకు నొక్కితే బయటపడతాయి. కొన్నిటి మీద గుండ్రటి నల్ల మచ్చ ఉంటుంది, ఒక్కోసారి సరిగ్గా మనిషి ముఖం మీదే. ఆ సంస్థ ఫోటో విభాగం అధిపతి రాయ్ స్ట్రైకర్ వద్దనుకున్న నెగెటివ్‌లకి చిల్లు పొడిపించేవాడు, అదే ఆ మచ్చ. పేరున్న ఫోటోలు మాత్రమే చూస్తే మనం స్ట్రైకర్ ఏరి పెట్టినవే చూస్తున్నట్టు, అందుకే ఈ పక్కవాటిని వదలొద్దంటాను.

కట్టడాలకైతే ఇదే కేటలాగ్‌లోని హిస్టారిక్ అమెరికన్ బిల్డింగ్స్ సర్వే. మాంద్యంలో పని పోయిన ఆర్కిటెక్టులకి ఉపాధి కోసం 1933లో మొదలైంది. ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన ఫాలింగ్‌వాటర్ ఇంటికి కొలతలతో సహా డ్రాయింగులున్నాయి. కట్టడం పేరు తెలియకపోతే ఊరు, కౌంటీ పేరుతో వెతకండి.

పెయింటింగులకి ఇది చాలదండి. వాటికి స్మిత్‌సోనియన్ ఓపెన్ యాక్సెస్, కళాకారుల ఉత్తరాలు, ఇంటర్వ్యూలకైతే ఆర్కైవ్స్ ఆఫ్ అమెరికన్ ఆర్ట్.

నా రేటింగ్ 5కి 4. సైట్ పాతకాలంగా ఉంటుంది, కొత్తవాళ్లు కాస్త తికమకపడతారు. ఫోటో దించుకోగానే దాన్ని గుర్తుపట్టే రిప్రొడక్షన్ నంబరు రాసిపెట్టుకోండి, హక్కుల లైన్ కూడా చదవండి, ఎందుకంటే అన్ని కలెక్షన్లకీ ఒకే రూల్ లేదు.