జేబు ఖాళీ అయితేనే విదేశీ సరుకు మీద కోపమొస్తుందా?

హాయ్ అందరికీ! 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసినప్పటి నుంచి ‘విదేశీ వస్తువులు కొనకండి’ అనే రీల్స్‌తో ఫోన్ నిండిపోయింది. సుంకం మీద కోపం నాకూ ఉంది. కానీ ఆ రీల్స్ చూస్తే ఒళ్లు మండుతోంది. ఎందుకంటే జేబు ఖాళీ అయినప్పుడే జనానికి విదేశీ సరుకు శత్రువులా కనపడుతుంది. జీతం పెరిగిన నెలలో ఎవరైనా డబ్బా తిప్పి ఎక్కడ తయారైందో చూశారా? చెప్పండి!

2020 గుర్తు తెచ్చుకోండి. లాక్‌డౌన్, సగం జీతాలు, ఏప్రిల్-జూన్‌లో జీడీపీ దాదాపు 24 శాతం పడిపోయింది. అదే జూన్‌లో లడఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైన్యంతో ఘర్షణ. మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబుతో సహా 20 మంది జవాన్లు ప్రాణాలిచ్చారు, ఆ బాధ నిజం, ఆ కోపం నిజం, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఏడాది తిరిగేసరికి ఏమైంది? పనులు మొదలయ్యాయి, 2021లో చైనాతో మన వ్యాపారం మొదటిసారి 12,500 కోట్ల డాలర్లు దాటింది! కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి చూడండి, చార్జర్లు, ఇయర్‌ఫోన్లు, కెమెరా వైర్లు గుట్టలు గుట్టలు, బేరమంతా ‘భయ్యా, ఫైనల్ ఎంత?’ మీదే.

మనమే కాదు, అమెరికా జనమూ అంతే. 2008లో విదేశీ వ్యాపారం అవకాశమా, ముప్పా అని గ్యాలప్ అనే సర్వే సంస్థ అడిగితే ముప్పు అన్నవాళ్లే ఎక్కువ. 2020 ఫిబ్రవరిలో, కరోనా దెబ్బ ఇంకా తగలకముందు, నిరుద్యోగం 3.5 శాతమే ఉన్నప్పుడు అదే ప్రశ్నకి 80 శాతం దాకా అవకాశమే అన్నారు. మధ్యలో ట్రంప్ సుంకాలు సుంకాలు అని గొంతు చించుకుంటున్నా సరే! ఉద్యోగం ఉన్నవాడికి నాయకుడి మాట కూడా ఎక్కలేదు.

ఇంకా వెనక్కి పోతే 1930. పంట ధరలు పడిపోయి అక్కడి రైతులు గోలపెడుతుంటే మొదలైన స్మూట్-హాలీ బిల్లు (దిగుమతుల మీద సుంకాలు పెంచే బిల్లు), షేర్ మార్కెట్ కుప్పకూలాక చట్టమైంది. వద్దు మహాప్రభో అని వెయ్యి మందికి పైగా ఆర్థికవేత్తలు మొత్తుకున్నా అప్పటి అమెరికా అధ్యక్షుడు హూవర్ సంతకం పెట్టేశాడు. కెనడా, యూరప్ దేశాలు తిరగబడి సుంకాలు వేశాయి. మాంద్యం, సుంకాలు కలిసి 1934 నాటికి ప్రపంచ వ్యాపారంలో మూడింట రెండు వంతులు ఊడ్చేశాయి.

ఇప్పుడు నాకు అసలు మంట పుట్టించే విషయం. జీడిమెట్ల, పటాన్‌చెరులో తయారయ్యే బల్క్ డ్రగ్స్ (మందుల ముడిసరుకు) గురించి గొప్పగా చెప్పుకుంటాం కదా, దేశానికి దిగుమతయ్యే మందుల ముడిసరుకులో 70 శాతం దాకా చైనాదే. యాంటీబయాటిక్స్‌కి మూలమైన పెన్సిలిన్-జి ఒకప్పుడు మన దగ్గరే తయారయ్యేది. చైనా చవక ధరకి తట్టుకోలేక ఆ ప్లాంట్లు మూతపడ్డాయి. వృద్ధి దూసుకుపోతున్న ఆ రోజుల్లో ఒక్కడు అరిచాడా? కరోనా భయం పట్టుకున్నాక 2020లో ఈ ముడిసరుకు ఇక్కడే తయారు చేయమని ప్రభుత్వ ప్రోత్సాహక పథకం, ఆ తర్వాత ఎప్పటికో కాకినాడ దగ్గర పెన్సిలిన్-జి ప్లాంటు. చేతిలో డబ్బున్నప్పుడు చేయాల్సిన పని, కష్టకాలంలో పరుగులు పెట్టి చేశాం.

అమీర్‌పేటలో ఏ మెడికల్ షాపులోనైనా అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ స్ట్రిప్ తిప్పి చూడండి. కంపెనీ అడ్రస్ ఉంటుంది, ముడిసరుకు ఎక్కడిదో ఉండదు. బాయ్‌కాట్ రీల్స్ చేసినవాళ్లలో దీని గురించి మాట్లాడినవాళ్లు ఒక్కరైనా ఉంటే లింక్ కామెంట్లో పెట్టండి, వచ్చే వీడియోలో నేనే చూపిస్తా.