చర్చిలకు తాళం పడిన ఆరేళ్లు: ఇంగ్లండ్ రాజుకూ పోపుకూ పంతం ఎందుకొచ్చింది?

[స్క్రీన్: ఖాళీ చర్చి లోపలి భాగం. కదలని గంట తాడు. సంగీతం లేదు.]

వాయిస్: 1208లో ఈస్టర్ ఏప్రిల్ 6న వచ్చింది. ఏడాది మొత్తంలో అంతకన్నా పెద్ద పండుగ లేదు. కానీ ఆ రోజు ఇంగ్లండ్‌లో ఊరి చర్చిల్లో గంట మోగలేదు, జనానికి పూజ దొరకలేదు. రెండు వారాల కిందటే, మార్చి 24 నుంచి, ఇంగ్లండ్, వేల్స్ అంతటా చర్చి సేవలు నిలిపేయాలని పోపు మూడో ఇన్నోసెంట్ ఆజ్ఞ అమల్లోకి వచ్చింది. దీన్ని ఇంటర్‌డిక్ట్ అంటారు. ఈ ఆజ్ఞను ఎత్తేసేసరికి 1214 జూలై వచ్చింది.

తగువు పడింది రాజు జాన్‌తో. శిక్ష పడింది ఊళ్లలో దున్నుకు బతికేవాళ్లకు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే.

[స్క్రీన్: ఇంగ్లండ్ మ్యాప్. ఆగ్నేయ మూలన కాంటర్‌బరీ.]

అసలు గొడవ ఒక కుర్చీ గురించి. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఇంగ్లండ్‌లో చర్చికి పెద్ద. రాజుకు కిరీటం పెట్టేది ఆయనే. ఇది మతం పదవి మాత్రమే అనుకుంటే పొరపాటు. అప్పటి బిషప్పులంటే పెద్ద పెద్ద భూస్వాములు. ఆ భూములకు బదులుగా రాజు సైన్యానికి నైట్లను, అంటే గుర్రపు యోధులను, పంపాలి. చదువొచ్చినవాళ్లు ఎక్కువగా చర్చిలోనే ఉండేవారు కాబట్టి సర్కారు లెక్కలు, ఉత్తరాలు, ఖజానా కూడా వాళ్ల చేతిలోనే నడిచేవి. ఉదాహరణకు హ్యూబర్ట్ వాల్టర్. ఒక పక్క ఆర్చిబిషప్, ఇంకో పక్క జాన్‌కు చాన్సలర్, అంటే రాజు ఉత్తరాలు, ముద్ర చూసుకునే పెద్ద అధికారి. అలాంటి పదవిలో తన మనిషి ఉండాలని ఏ రాజైనా కోరుకుంటాడు. ఇంకో సంగతి కూడా ఉంది. బిషప్ పదవి ఖాళీగా ఉన్నన్నాళ్లూ ఆ భూముల రాబడి రాజుకే వెళ్లేది. కాబట్టి కొత్త బిషప్ రావడం ఆలస్యమైతే రాజుకు దిగులేమీ ఉండేది కాదు.

1205 జూలైలో హ్యూబర్ట్ వాల్టర్ చనిపోయాడు. కొత్తాయన్ని ఎన్నుకునే హక్కు మాదేనని కాంటర్‌బరీ మఠంలోని సన్యాసులు అన్నారు. రాజుకు తెలియకుండా తమలో ఒకడైన రెజినాల్డ్‌ను గుట్టుగా ఎన్నుకుని రోమ్‌కు పంపారు. విషయం బయటికి పొక్కనివ్వొద్దని ఆయనకు గట్టిగా చెప్పి పంపారట. ఆయనేమో సముద్రం దాటగానే, దారి పొడవునా, తానే కాబోయే ఆర్చిబిషప్‌నని చెప్పుకుంటూ పోయాడని ఆనాటి చరిత్రకారులు రాశారు. సంగతి జాన్ చెవిన పడింది. రాజు కోపం చూసి సన్యాసులు హడలిపోయి, ఆయన చెప్పిన నార్విచ్ బిషప్ జాన్ డి గ్రేను మళ్లీ ఎన్నుకున్నారు.

అంటే ఒక కుర్చీకి ఇద్దరు. పంచాయితీ రోమ్‌కు చేరింది.

[స్క్రీన్: మూడో ఇన్నోసెంట్ చిత్రం.]

ఇన్నోసెంట్ 1198లో, నలభై కూడా నిండకముందే పోపు అయ్యాడు. రాజుల పైన కూడా తీర్పు చెప్పే అధికారం తనకుందని గట్టిగా నమ్మిన మనిషి. రెండు ఎన్నికలూ చెల్లవన్నాడు. రోమ్‌కు వచ్చిన కాంటర్‌బరీ సన్యాసుల చేత అక్కడే మూడో మనిషిని ఎన్నిక చేయించాడు. ఆ మూడో మనిషి స్టీఫెన్ లాంగ్టన్. పుట్టుకతో ఇంగ్లీషువాడే, కానీ ఏళ్ల తరబడి పారిస్‌లో వేదాంతం బోధించాడు. అప్పటికే కార్డినల్. మీ ఇంట్లో తెలుగు బైబిల్ ఉంటే, అందులో అధ్యాయాల విభజన మొదట చేసిన ఘనత సాధారణంగా ఈయనకే ఇస్తారు.

జాన్ ససేమిరా అన్నాడు. తన శత్రువు ఫ్రాన్స్ రాజు రెండో ఫిలిప్. ఆయన రాజధానిలో ఇన్నాళ్లు ఉన్నవాడు తనకెవడో తెలియదన్నాడు. తెలియకపోవడమేమిటి, ఆయన కార్డినల్ అయ్యాక నువ్వే ఉత్తరాలు రాశావు కదా అని పోపు ఎత్తిపొడిచాడు. 1207 జూన్‌లో లాంగ్టన్‌కు అభిషేకం చేసేశాడు. దాంతో జాన్ కాంటర్‌బరీ సన్యాసులను దేశం నుంచి తరిమేసి, వాళ్ల ఆస్తులు పట్టుకున్నాడు. లాంగ్టన్‌ను ఇంగ్లండ్ గడ్డ మీద అడుగు పెట్టనివ్వలేదు. దానికి పోపు ఇచ్చిన జవాబే ఇంటర్‌డిక్ట్.

[స్క్రీన్: ఊరి చర్చి, చుట్టూ సమాధుల స్థలం, గోడ అవతల పొలం.]

ఇప్పుడు ఊళ్లోకి వద్దాం. పుట్టిన బిడ్డకు జ్ఞానస్నానం ఉంది. చనిపోయేవాళ్ల పాపసంకీర్తనం, అంటే చేసిన పాపాలు ఒప్పుకోవడం, వినొచ్చు. ఈ రెండింటినీ మాత్రం ఆపలేదు. మిగతా పూజలన్నీ ఆగిపోయాయి. పెళ్లి? చర్చి చట్టం ప్రకారం ఇద్దరూ ఒప్పుకుంటే అది పెళ్లే, కాబట్టి పెళ్లిళ్లు జరిగాయి, లోపల పూజ లేకుండా. గంటలు మోగకపోవడం మనకు చిన్న విషయంలా అనిపిస్తుంది. గడియారం లేని ఊళ్లో పొద్దు ఎంతయిందో చెప్పేది ఆ గంటే.

అన్నిటికన్నా బాధ పెట్టింది చావు. చర్చి పక్కన మంత్రించిన నేలలో పాతిపెడితేనే ఆత్మకు దిక్కు అని నమ్మిన జనం వాళ్లు. తాతలు, తండ్రులు అక్కడే ఉన్నారు. ఇప్పుడు తల్లి చనిపోతే గోడ బయట, దారి పక్కన, గుంటల్లో, ప్రార్థన చదివే గురువు లేకుండా పూడ్చాలి. ఆ రోజుల సంగతులు రాసిన సన్యాసి రోజర్ ఆఫ్ వెండోవర్ ఇదే రాశాడు. ఆరేళ్లంటే ఒక ఊళ్లో ఎన్ని చావులు ఉంటాయో లెక్క వేసుకోండి. ఆ ఇళ్లవాళ్లెవరూ ఆర్చిబిషప్ ఎన్నికలో ఓటు వేసినవాళ్లు కారు.

మరి రాజు ఏం చేశాడు? ఇక్కడే జాన్ బుర్ర చూడాలి. పూజలు చేయని చర్చికి ఆస్తులెందుకన్నాడు. చర్చి భూములు, ధాన్యపు కొట్లు జప్తు చేసి, గురువులకు తిండికి సరిపడా మాత్రం వదిలాడు. తర్వాత చాలామంది డబ్బు కట్టి తమ ఆస్తులను తామే విడిపించుకున్నారు.

ఇంకో పని చేశాడు, ఇది చదివినప్పుడల్లా నవ్వొస్తుంది. గురువులు పెళ్లి చేసుకోకూడదు, ఆడతోడు ఉండకూడదు. కానీ ఊరి గురువుల్లో ఎంతోమందికి ఇంట్లో ఒక ఆవిడ ఉండేది, అది ఊరందరికీ తెలుసు. రాజు మనుషులు వెళ్లి ఆ ఆడవాళ్లను పట్టుకొచ్చారు. విడిపించుకోవాలంటే డబ్బు కట్టాలి. గురువులు కక్కలేక మింగలేక కట్టారు. ఆవిడెవరో నాకు తెలియదని బిషప్‌కు చెప్పాలి, రాజు దగ్గర మాత్రం డబ్బు కట్టాలి! ఆ ఆడవాళ్లకు మాత్రం ఇందులో నవ్వొచ్చేదేమీ ఉండి ఉండదు.

1209 నవంబర్‌లో జాన్‌ను చర్చి నుంచే వెలివేశారు. దాదాపు బిషప్పులంతా దేశం విడిచారు. వించెస్టర్ బిషప్ పీటర్ డెస్ రోషెస్ మాత్రం రాజును అంటిపెట్టుకుని ఉన్నాడు. అయినా తిరుగుబాటు రాలేదు. జనం సర్దుకుపోయారు, ఖజానా నిండింది. ఇంటర్‌డిక్ట్ భయంతో జాన్ లొంగిపోయాడని చాలాచోట్ల చెబుతారు. నాకది నమ్మబుద్ధి కాదు. అదే నిజమైతే అయిదేళ్లు ఆగేవాడు కాదు.

[స్క్రీన్: 1212. నాటింగ్‌హామ్ కోట.]

కథ మలుపు తిరిగింది 1212లో. వేల్స్ మీదికి దండెత్తడానికి సైన్యం పోగు చేసుకుంటుండగా, సొంత బ్యారన్లే, అంటే రాజు కింది పెద్ద భూస్వాములే, తనను చంపడానికి కుట్ర పన్నారని జాన్‌కు తెలిసింది. దండయాత్ర మానుకున్నాడు. అప్పటికే తన దగ్గరున్న 28 మంది వేల్స్ బందీలను నాటింగ్‌హామ్‌లో ఉరి తీయించాడు. జాన్ మీద తిరగబడ్డ వేల్స్ రాజుల ప్రాంతాల్లో పోపు ఇంటర్‌డిక్ట్ ఎత్తేశాడు. ఏ దేవుడి పని ఎక్కడ ఆగాలో, ఎక్కడ మొదలవ్వాలో రాజకీయమే చెబుతోందన్నమాట. అవతల ఫ్రాన్స్ రాజు ఫిలిప్ ఓడలు సిద్ధం చేస్తున్నాడు. వెలి పడిన రాజు మీద యుద్ధమంటే పుణ్యకార్యమని చెప్పుకోవచ్చు. దీనికి తోడు, వచ్చే ఆరోహణ పండుగకు (యేసు పరలోకానికి వెళ్లిన రోజు పండుగ) జాన్ రాజుగా ఉండడని వేక్‌ఫీల్డ్ పీటర్ అనే బైరాగి జోస్యం చెప్పాడు. ఆ మాట దేశమంతా పాకింది.

1213 మే 15న డోవర్ దగ్గర ఈవెల్‌లో జాన్ పోపు దూత పాండల్ఫ్ ముందుకొచ్చాడు. లాంగ్టన్‌ను ఒప్పుకోవడంతో ఆగలేదు. ఇంగ్లండ్, ఐర్లండ్ రెండు రాజ్యాలనూ పోపుకు రాసిచ్చి, తిరిగి ఆయన సామంతుడిగా తీసుకున్నాడు. ఏటా 1,000 మార్కుల కప్పం (మార్కు అంటే అప్పటి డబ్బు లెక్క): ఇంగ్లండ్‌కు 700, ఐర్లండ్‌కు 300. వారం తర్వాత ఆరోహణ పండుగ వచ్చింది, వెళ్లింది. జాన్ బైరాగిని ఉరి తీయించాడు.

దీన్ని అవమానం అన్నవాళ్లున్నారు. నా దృష్టిలో జాన్ జీవితంలో ఇంతకన్నా తెలివైన ఎత్తు వేయలేదు. ఒక్క పత్రంతో ఇంగ్లండ్ పోపు ఆస్తి అయింది. ఇక దాని మీదికి వెళ్లడమంటే పోపు మీదికి వెళ్లడమే. ఫిలిప్ ఖర్చంతా వృథా. పైగా ఆ నెలాఖరులోనే ఇంగ్లీషు నావికులు డామ్ రేవులో ఫ్రెంచి ఓడల మీద పడి నాశనం చేశారు. చర్చికి నష్టపరిహారంగా 40,000 మార్కులు ఇవ్వాలని ఒప్పందం కుదిరాక, 1214 జూలై 2న గంటలు మళ్లీ మోగాయి.

[స్క్రీన్: మాగ్నా కార్టా ప్రతి, దగ్గరగా.]

ఆ ఎత్తు ఫలితం తర్వాతి ఏడాది కనిపించింది. 1215 జూన్‌లో బ్యారన్లు రనీమీడ్ మైదానంలో రాజు అధికారానికి హద్దులు పెట్టే మాగ్నా కార్టా అనే పత్రానికి జాన్ చేత ముద్ర వేయించారు. మొదటి షరతే చర్చికి స్వేచ్ఛ ఉండాలని. మధ్యవర్తుల్లో లాంగ్టన్ ఉన్నాడు. మరి పోపు సంతోషించాలి కదా? ఆగస్టు 24న ఇన్నోసెంట్ ఆ పత్రం సిగ్గుచేటు, చట్టవిరుద్ధం అంటూ కొట్టేశాడు. జాన్ ఇప్పుడు ఆయన సామంతుడు. సామంతుడి చేతులు కట్టేసే హక్కు బ్యారన్లకు ఎక్కడిది? ఏ లాంగ్టన్ కోసం ఒక దేశాన్ని ఆరేళ్లు శిక్షించారో, తిరుగుబాటుదారుల మీద చర్య తీసుకోలేదని ఆ లాంగ్టన్‌నే పదవి నుంచి సస్పెండ్ చేశారు.

ఇక ఆ కప్పం సంగతి. తర్వాతి రాజులు కొన్నేళ్లు కట్టారు, కొన్నేళ్లు ఎగ్గొట్టారు. బకాయిలు పేరుకుపోయాక రోమ్ గట్టిగా అడిగింది. 1366లో విషయం పార్లమెంటు ముందుకొచ్చింది. బ్యారన్ల అనుమతి లేకుండా రాజ్యాన్ని రాసిచ్చే హక్కు జాన్‌కు లేదని తేల్చి, ఇక పైసా కట్టేది లేదన్నారు.