గాలికి ఎదురు నిలిచినవారి పేర్లు కూడా చదవండి

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, రేపు తెల్లవారకముందే సైకిళ్లతో రోడ్డెక్కబోతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం. హనుమకొండలో సభ అంటే పరిచయాలకే గంట గడవడం మనకు అలవాటు. మీరు పెందలాడే పడుకోవాలి కనుక నా వంతు పొగడ్తలను మానుకుని, నిర్వాహకులు నాకు అప్పగించిన జట్టు వ్యూహం అనే అంశానికే వస్తాను.

రోడ్డు పోటీలో అసలు ప్రత్యర్థి గాలి. చదునైన రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయేవారి శ్రమలో 80 శాతం దాకా గాలిని చీల్చడానికే ఖర్చవుతుంది. ముందువారి చక్రాన్ని అంటిపెట్టుకుని తొక్కితే ఆ శ్రమలో ఇంచుమించు మూడో వంతు మిగులుతుంది. ఆ మిగులును ఎవరి కాళ్లలో దాచి, ఎప్పుడు బయటికి తీయాలన్న లెక్కే వ్యూహం. వానాకాలంలో నైరుతి గాలి వీస్తుంది. మనం ములుగు వైపు ఈశాన్యంగా పోతాం కనుక పోయేటప్పుడు అందరూ వీరులే, తిరుగు దారిలో ఎదురుగాలి తగిలినప్పుడే జట్టు ఉన్నదో లేదో తెలుస్తుంది.

మన పోటీల్లో నేను ఎక్కువగా చూసే తప్పు ఒకటుంది. తమ జట్టువాడు బ్రేక్‌అవేలో, అంటే గుంపును విడిచి, ముందుకు పోయినప్పుడు, వెనుక గుంపులో ఉన్నవారు చేయవలసిందల్లా తరిమేవారి చక్రం పట్టుకుని కూర్చుని, ముందుకు వచ్చి లాగమంటే, అంటే గాలిని చీల్చమంటే, నిరాకరించడమే. రోడ్డుకు అడ్డం పడి దారి మూయడం వ్యూహం కాదు, నేరం. కానీ మనవాళ్లు చక్రం పట్టుకుని కూర్చోవడం వదిలేసి, తామే గుంపును లాగి తమ వాడిని పట్టుకుంటారు.

ఎందుకలా చేస్తారు? తెలియక అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. కొన్నేళ్ల క్రితం ఒక పోటీలో, ఊరి పేరు చెప్పను, ఒక కుర్రవాడు తిరుగు దారి పొడవునా ఎదురుగాలిలో ముందు నిలిచి స్నేహితుడిని కాపాడుకొచ్చాడు. చివరి కిలోమీటర్లలో కాళ్లు పట్టేసి దిగిపోయాడు. స్నేహితుడు గెలిచాడు; ఫలితాల పట్టికలో ఈ కుర్రవాడి పేరు ఎదుట ‘పూర్తి చేయలేదు’ అని రాశారు. దండ, కవరు, ఫొటో అన్నీ ఒక్కరికే దక్కాయి. మరుసటి ఏడు అదే స్నేహితుడు ముందుకు దూకితే తరిమి పట్టుకున్నది ఈ కుర్రవాడే. అతనికి వ్యూహం తెలియదని ఎవరంటారో చెప్పండి! తెలిసే చేశాడు. జట్టును విడగొట్టింది బహుమతి పంచిన చేతులే.

జట్టు లేకుండానే గెలవవచ్చుగా అని మీరు టోక్యో ఉదాహరణ తెస్తారని నాకు తెలుసు. మన రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చిన 2021 జూలై 25నే ఒలింపిక్స్ మహిళల రోడ్డు పోటీ కూడా జరిగింది. ఆస్ట్రియా తరఫున ఒంటరిగా వచ్చిన గణిత పరిశోధకురాలు ఆనా కీసెన్‌హోఫర్ మొదట్లోనే ముందుకు దూకి, చివరి దాకా నిలిచి స్వర్ణం గెలిచింది. 2012, 2016 విజేతలిద్దరూ ఉన్న నెదర్లాండ్స్ జట్టుకు ముందు ఇంకొకరు ఉన్నారన్న సంగతే తెలియలేదు. ఒలింపిక్స్‌లో రైడర్లకు జట్టు నుంచి కబురు అందించే రేడియోలు ఉండవు. 75 సెకన్ల తరువాత గీత దాటిన ఆ జట్టు రైడర్ వాన్ వ్లూటెన్ తానే గెలిచాననుకుని చేతులెత్తింది. నలుగురు మేటి రైడర్లున్నా, ముందు ఎవరున్నారో లెక్క తెలియక, తరిమే పని సమయానికి ఎవరూ ఎత్తుకోకపోతే ఏమవుతుందో ఆ పోటీ చూపింది. అది ఒంటరితనానికి ప్రశంసాపత్రం కాదు.

ప్రపంచ ప్రసిద్ధ సైకిల్ పోటీ టూర్ డి ఫ్రాన్స్‌లో విజేత బహుమతి సొమ్మును జట్టు సభ్యులతో పంచుకోవడం చిరకాల ఆచారం. అన్ని లక్షలు తిరిగే చోట సాధ్యమైనది, ఒక కవరు చేతులు మారే మన దగ్గర ఎందుకు సాధ్యం కాదు?

నిర్వాహకులను చేతులు జోడించి అడుగుతున్నాను. రేపు వేదిక మీదికి గెలిచినవారి జట్టు మొత్తాన్ని పిలవండి, గీత దాటనివారిని కూడా పిలవండి. పేర్లు రాసిన కాగితాలను మైకు పట్టుకునే వారికి నేనే ఇస్తాను. నగదు ఎలా పంచాలన్నది పోటీ ముగిశాక కాదు, ఇప్పుడే ఈ సభలో తేల్చండి. కోశాధికారి గారు ఎలాగూ ముందు వరుసలోనే కూర్చున్నారు.