పొద్దున ఎనిమిదింటికి రాత్రి

శ్రోతలకు నమస్కారం.

గోదావరిఖనిలో మా చిన్నప్పుడు మూడు వారాలకోసారి మా ఇంట్లో పొద్దున ఎనిమిదింటికి రాత్రయ్యేది. మా బాపుది సింగరేణిలో బాయి పని, అంటే భూమి లోపల బొగ్గు గనిలో. ఓ వారం ఫస్ట్ షిఫ్ట్, పొద్దున 7 నుంచి 3 దాకా. ఓ వారం సెకండ్ షిఫ్ట్, 3 నుంచి 11. ఆ తర్వాత నైట్. రాత్రి 11కి దిగితే తెల్లారి 7కే పైకి రావడం.

నైట్ వారం వచ్చిందంటే అమ్మ గోనెసంచి తడిపి కిటికీకి కట్టేది. చీకటికి చీకటి, చల్లదనానికి చల్లదనం. విజిల్‌కు లేస్తాడని కుక్కర్ ముట్టేది కాదు, అన్నం గిన్నెలోనే వార్చేది. మేం కాస్త గట్టిగా నవ్వితే, "సప్పుడు చెయ్యకుండ్రి, బాపు పన్నడు" అనేది. ఇంత చేసినా పన్నెండయ్యేసరికి బాపు లేచి కూచునేవాడు, ఎర్రటి కళ్లతో. ఓసారి అన్నం కలిపి, ముద్ద చేతిలో పట్టుకునే నిద్రపోయాడు. మేం నవ్వాం. అమ్మ నవ్వలేదు. మెల్లగా ఆ ముద్ద తీసి కంచంలో పెట్టి, కొంగుతో చెయ్యి తుడిచింది.

అంత అలసటలో నిద్రెందుకు పట్టదు? ఒంట్లో ఓ గడియారం ఉంది. అది కణాల్లో ఎలా నడుస్తుందో పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో కనిపెట్టిన ముగ్గురికి 2017లో నోబెల్ ఇచ్చారు. ఆ గడియారాన్ని దిద్దేది వెలుతురు. బాయి నుంచి పైకొచ్చి ఎండలో సైకిల్ తొక్కుకుంటూ ఇల్లు చేరే మనిషికి "తెల్లారింది, లే" అంటుందది. ఎలాగోలా అలవాటు పడదామనుకునేలోపు షిఫ్టు మారుతుంది. నన్నడిగితే నైట్ కన్నా ఈ మారడమే మనిషిని ఎక్కువ పిండుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో, మళ్లీ 2019లో రాత్రి షిఫ్టు పనిని క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న వాటిలో చేర్చింది. భయపెట్టాలని కాదు, తెలిసుండాలని చెప్తున్నా.

ఇప్పుడు నైట్ బాయికే కాదు. ఆస్పత్రిలో నర్సమ్మ, కరెంటు ప్లాంటులో ఆపరేటర్, అమెరికా వేళల్లో పనిచేసే హైటెక్ సిటీ పిల్లలు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్... మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే నేనడిగేది ఒక్కటే. ఒక్కటే. వాళ్లకు పొద్దున ఎనిమిదింటికి రాత్రి. "ఎట్లాగూ ఇంట్లోనే ఉన్నావుగా" అని గ్యాస్ బండ కోసమో, బ్యాంకు పని కోసమో లేపకండి. రాత్రి రెండింటికి మిమ్మల్ని తట్టి లేపి కరెంటు బిల్లు కట్టి రమ్మంటే ఎలా ఉంటుంది?

మా తమ్ముడి కొడుకు హైదరాబాద్‌లో నైట్ షిఫ్టులే చేస్తున్నాడు. అద్దె గది కిటికీకి చపాతీలు చుట్టే వెండిరంగు కాగితం అంటించుకున్నాడు. మొన్న అమ్మ పోయి చూసి, "గోనెసంచి దొరకలేదా బిడ్డా?" అంది.