మీ ఎంపీ ఆస్తి ఎంతో తెలుసు, ఆయన వ్యాపారం ఏ శాఖతో ముడిపడి ఉందో తెలుసా?

నమస్కారం. 2024 ఎన్నికలప్పుడు మన టీవీల్లో, ఫోన్లలో ఒక అంకె తెగ తిరిగింది. గుంటూరు నుంచి లోక్‌సభకు పోటీ చేసిన పెమ్మసాని చంద్రశేఖర్ గారి కుటుంబ ఆస్తులు 5,700 కోట్ల పైమాటే అని. ఆయన అఫిడవిట్‌లో రాసి ఇచ్చారు కాబట్టే అది మనకు తెలిసింది. ఆయన మీద నేను వేలెత్తి చూపడం లేదు. నాకు బాధ కలిగించేది ఆ అఫిడవిట్లను మనం చదివే తీరు. ప్రతి ఎన్నికకీ ఇదే వరస. ఎవరికి ఎన్ని కోట్లు, ఎన్ని కార్లు, ఇంట్లో ఎంత బంగారం, భార్య పేరున ఎన్ని ఎకరాలు. రెండు రోజులు నోరెళ్ళబెట్టి చూస్తాం, మూడో రోజుకి మర్చిపోతాం.

ఈ వీడియోలో నేను అడగదలచుకున్నది వేరు. మన ఎంపీకి ఉన్న వ్యాపారం ఏమిటి? దాని లాభనష్టాలు ఏ శాఖ నిర్ణయం మీద ఆధారపడి ఉన్నాయి? ఆ శాఖ గురించి సభలో నోరు విప్పే ముందు ఆయన ఆ సంగతి చెబుతున్నారా లేదా? కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్ అని ఇంగ్లీషు వార్తల్లో వినే మాట ఇదే.

ఊళ్ళో గట్టు తగాదా వస్తుంది. తీర్పు చెప్పడానికి ఒక పెద్దమనిషిని పిలుస్తారు. ఆ ఇద్దరిలో ఒకడు ఆయనకు స్వయానా బావమరిది. ఆ పెద్దమనిషి నిజాయితీపరుడే కావచ్చు, తీర్పు కూడా న్యాయంగానే చెప్పవచ్చు. అయినా ముందుగా "వీడు నా బావమరిది, మీకు అభ్యంతరం లేకపోతేనే కూర్చుంటాను" అని చెప్పి తీరాలి. చెప్పకుండా కూర్చుంటే, రేపు విషయం బయటపడ్డాక ఆయన ఎంత మంచి తీర్పు చెప్పినా ఎవరూ నమ్మరు. చట్టసభల విషయంలో నేను కోరేది కూడా అంతే.

మన రెండు రాష్ట్రాల నుంచి పార్లమెంటుకు వెళ్ళేవాళ్ళు 60 మంది. లోక్‌సభకు ఆంధ్రప్రదేశ్ నుంచి 25, తెలంగాణ నుంచి 17. రాజ్యసభకు 11, 7. ఈ 60 మందిలో రాజ్యసభకు వెళ్ళే ఆ 18 మందికి ఒక నిబంధన ఉంది. లోక్‌సభకు వెళ్ళే 42 మందికి అది లేదు.

రాజ్యసభలో 1997లో సభ్యుల నడవడిక చూసే ఎథిక్స్ కమిటీ వేశారు. అప్పుడు సభకు చైర్మన్ కె.ఆర్. నారాయణన్ గారు. ఆ తర్వాత సభ్యుల ప్రయోజనాల రిజిస్టర్ ఒకటి ఏర్పాటైంది. ప్రమాణ స్వీకారం చేసిన 90 రోజుల్లో ప్రతి సభ్యుడూ అందులో ఐదు విషయాలు రాయాలి. జీతమో ఫీజో తీసుకునే డైరెక్టర్ పదవులు ఏమైనా ఉన్నాయా? క్రమం తప్పకుండా డబ్బు వచ్చే ఉద్యోగమో పనో ఉందా? ఏదైనా కంపెనీని నడిపించగలిగేంత వాటా చేతిలో ఉందా? డబ్బు తీసుకుని ఎవరికైనా కన్సల్టెంటుగా ఉన్నారా? లాయరు, డాక్టరు లాంటి వృత్తి చేస్తున్నారా? ఇవీ ఆ ఐదు. ఇది కాక ఇంకో నిబంధన, 294వది. సభలో గానీ కమిటీలో గానీ తనకు సొంత లాభనష్టాలు ఉన్న విషయం చర్చకు వస్తే, ఆ సంగతి చెప్పాకే చర్చలో పాల్గొనాలి. చెప్పకుండా మాట్లాడకూడదు.

కాగితం మీద బాగానే ఉంది. ఆచరణలో ఏం జరిగిందో చెప్పడానికి విజయ్ మాల్యా ఒక్కడు చాలు. బ్యాంకుల అప్పుల కథ మీ అందరికీ తెలుసు, 2016 మార్చిలో దేశం దాటి వెళ్ళిపోవడం కూడా తెలుసు. దాని మీద మనం చాలా మాట్లాడుకున్నాం. దానికంటే ముందు జరిగినదాని మీద తక్కువ మాట్లాడుకున్నాం. ఆయన కర్ణాటక నుంచి రెండుసార్లు రాజ్యసభ సభ్యుడు. 2005 నుంచి కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ యజమాని. పౌర విమానయాన శాఖ వ్యవహారాలు చూసే పార్లమెంటరీ కమిటీలో కూడా ఆయన సభ్యుడు. విమానాల కంపెనీ ఓనరు, విమానాల శాఖను ప్రశ్నించే కమిటీలో కూర్చున్నాడు. ఇందులో దాచిందేమీ లేదు. ఆ కంపెనీ ఎవరిదో దేశంలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. అందరికీ తెలిసి కూడా ఆ కుర్చీ ఆయనకు ఇచ్చారు. రిజిస్టర్‌లో రాయించుకోవడంతో పని అయిపోదని నేను అనడం అందుకే. అందులో రాసినదాన్ని ముందు పెట్టుకుని, "మీరు ఈ కమిటీలో ఉండకూడదు" అని చెప్పే నాథుడు ఉండాలి.

ఇక లోక్‌సభ. ప్రజలు నేరుగా ఓటేసి పంపేవాళ్ళ సభ ఇది. అక్కడ ప్రజలు చూడగలిగే ఇలాంటి రిజిస్టర్ లేదు. ఓటింగ్ విషయంలో ఉన్నది 371వ నిబంధన. ఒక ఓటింగ్‌లో ఫలానా సభ్యుడికి ప్రత్యక్షంగా సొంత ఆర్థిక ప్రయోజనం ఉందని ఎవరైనా అభ్యంతరం చెబితే, స్పీకర్ పరిశీలిస్తారు. ఆ ప్రయోజనం కూడా నేరుగా ఆ ఒక్కడిదే అయి ఉండాలి, ఒక వర్గం మొత్తానికి వర్తించేదైతే లెక్కలోకి రాదు. సభ్యుడి వ్యాపారాలు ఎక్కడా రాసి పెట్టనప్పుడు ఈ అభ్యంతరం చెప్పేదెవరు, ఏ ఆధారంతో చెబుతారు?

బ్రిటన్‌లో జరిగిన ఒక సంఘటన కొంచెం వివరంగా చెబుతాను. 2023 మార్చి. అప్పటి ప్రధాని రిషి సునాక్ పార్లమెంటరీ కమిటీ ముందుకు వచ్చారు. అంతకుముందే బడ్జెట్‌లో ఒక పథకం ప్రకటించారు. ఇళ్ళలో పసిపిల్లలను చూసుకునే పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు 600 పౌండ్లు ఇస్తామని, ఏజెన్సీ ద్వారా చేరితే 1,200 ఇస్తామని. ఏజెన్సీ ద్వారా వస్తే రెట్టింపు ఎందుకు ఇస్తున్నారని కమిటీలో ఒక మహిళా ఎంపీ అడిగారు. ఈ విషయంలో మీకు చెప్పాల్సిన సొంత ప్రయోజనం ఏమైనా ఉందా అని కూడా అడిగారు. లేదు, చెప్పాల్సినవన్నీ మామూలు పద్ధతిలో చెప్పేశాను అన్నారు ప్రధాని. అసలు సంగతేమిటంటే, ఆ ఏజెన్సీలలో ఒకటైన కోరు కిడ్స్‌లో ఆయన భార్య అక్షతా మూర్తికి వాటా ఉంది. మన ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారి అమ్మాయే.

ఆ వాటా సంగతి ఆయన అధికారులకు ముందే తెలియజేశారు. అంటే దాచలేదు. అయినా పార్లమెంటు ప్రమాణాల కమిషనర్ విచారణ చేపట్టారు. ఆగస్టులో నివేదిక ఇచ్చారు. రిజిస్టర్ చేయడం వేరు, సందర్భం వచ్చినప్పుడు ఎదురుగా ఉన్నవాళ్ళకు నోటితో చెప్పడం వేరు, ఈ రెండింటి విషయంలో ప్రధాని పొరపడ్డారని, కావాలని చేసింది కాదు గానీ నియమం ఉల్లంఘించినట్టేనని తేల్చారు. ప్రధాని క్షమాపణ చెప్పారు. ఒక దేశ ప్రధాని, భార్యకున్న వాటా గురించి, ఒక రోజు చెప్పాల్సిన ఒక్క వాక్యం చెప్పనందుకు.

బ్రిటన్ వాళ్ళు పుణ్యాత్ములని నేను అనడం లేదు. అక్కడ రిజిస్టర్ పెట్టింది కూడా 1970లలో పౌల్సన్ అనే ఆర్కిటెక్టు లంచాల కుంభకోణం బయటపడ్డాకే. 2021లో ఓవెన్ పాటర్సన్ అనే ఎంపీ, తనకు ఏడాదికి లక్ష పౌండ్లకు పైగా ఇస్తున్న రెండు కంపెనీల తరఫున ప్రభుత్వ సంస్థల దగ్గర పైరవీ చేశాడని తేలింది. ఆ జీతాలు రిజిస్టర్‌లో శుభ్రంగా రాసే ఉన్నాయి! 30 రోజుల సస్పెన్షన్ తప్పించడానికి సొంత ప్రభుత్వం నియమాలనే మార్చబోయింది, సభలో 250-232 ఓట్లతో నెగ్గింది కూడా. మర్నాటికి జనాగ్రహం చూసి వెనక్కి తగ్గింది. ఆయన రాజీనామా చేశాడు, ఉపఎన్నికలో పార్టీ ఆ సీటు పోగొట్టుకుంది. అక్కడి జనానికి అంత కోపం ఎందుకు వచ్చింది? ఎవరు, ఎవరి దగ్గర, ఎంత తీసుకుంటున్నారో ఆన్‌లైన్‌లో ఎవరైనా చూసుకోవచ్చు కాబట్టి. తెలిస్తేనే కదా కోపం వచ్చేది.

మన దగ్గరా తలుపు కొంచెం తెరుచుకుంది. అందులో మన కృష్ణా జిల్లా మనిషి చెయ్యి ఉంది. 2018 ఫిబ్రవరి 16న లోక్ ప్రహరి అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఇచ్చిన ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరు జాస్తి చలమేశ్వర్ గారు, ఇంకొకరు ఎస్. అబ్దుల్ నజీర్ గారు. నజీర్ గారు ఆ తర్వాత 2023లో ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా వచ్చారు. ఆస్తి ఎంత అని చెబితే చాలదు, ఆ ఆదాయం ఎక్కడి నుంచి వస్తోందో చెప్పాలి, ప్రభుత్వంతో ఉన్న కాంట్రాక్టులు కూడా చెప్పాలి అని తీర్పు. దాంతో అభ్యర్థులు అఫిడవిట్‌గా నింపే ఫారం 26 మారింది. మీరు ఎవరి అఫిడవిట్ అయినా తెరిస్తే, అందులో 9ఏ అనే భాగం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ప్రభుత్వంతో అభ్యర్థికి ఉన్న కాంట్రాక్టులు, భార్య లేదా భర్తకు ఉన్నవి, ఆధారపడిన వారికి ఉన్నవి, వాళ్ళు భాగస్వాములుగా ఉన్న సంస్థలవి, వాటా ఉన్న ప్రైవేటు కంపెనీలవి, అన్నీ అక్కడ రాయాలి. కోట్ల లెక్క కంటే నాకు ఆ నాలుగైదు లైన్లే ముఖ్యం. టీవీలో ఆ లైన్లు చదివి వినిపించినవాళ్ళు నాకు ఇంతవరకు కనిపించలేదు.

కానీ అది నామినేషన్ రోజు సంగతి. గెలిచాక ఐదేళ్ళలో ఎన్ని కొత్త కంపెనీలు పెట్టినా, ఎన్ని టెండర్లు వేసినా, మళ్ళీ ఎన్నికల దాకా ఆ కాగితం మారదు.

"ప్రభుత్వ కాంట్రాక్టు ఉంటే ఎమ్మెల్యే, ఎంపీ పదవే పోతుంది కదా" అని మీలో కొందరు అనుకోవచ్చు. ప్రజాప్రాతినిధ్య చట్టంలో సెక్షన్ 9ఏ ఉన్న మాట నిజమే. తన వ్యాపారంలో భాగంగా ప్రభుత్వానికి సరుకు సరఫరా చేసే కాంట్రాక్టో, పని చేసిపెట్టే కాంట్రాక్టో నడుస్తుంటే అనర్హుడే. అయితే ఆ కాంట్రాక్టు ఆ మనిషి పేరు మీద ఉండాలి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పేరు మీద ఉంటే, చట్టం దృష్టిలో కంపెనీ వేరు, మనిషి వేరు. అంతే, సెక్షన్ పక్కకు తప్పుకుంటుంది. చిన్న కాంట్రాక్టరు సొంత పేరుతో రోడ్డు పని చేస్తుంటే దొరికిపోతాడు, కంపెనీ పెట్టుకున్న పెద్దాయనకు ఏమీ కాదు.

మంత్రుల ప్రవర్తనా నియమావళిలో ఇంకో సందు ఉంది. మంత్రి అయ్యాక వ్యాపారం నిర్వహణ నుంచి తప్పుకోవాలి, ప్రభుత్వానికి సరుకు అమ్మే వ్యాపారమైతే యాజమాన్యం కూడా వదులుకోవాలి. బాగుంది. ఎవరికి ఇవ్వాలి? భార్యకు ఇవ్వకూడదు. అంతకుముందే ఆ వ్యాపారంలో ఉన్న కొడుకుకో, తమ్ముడికో ఇవ్వవచ్చు! సంక్రాంతికి అందరూ ఒకే ఇంట్లో కూర్చుని భోంచేసే కుటుంబాలు మనవి. ఈ నియమం రాసినవాళ్ళకు ఆ సంగతి తెలియదంటే నేను నమ్మను. పైగా ఇది చట్టం కాదు, నియమావళి మాత్రమే. తప్పితే శిక్ష లేదు.

ఇప్పుడు గ్రామ పంచాయతీకి రండి. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం, పంచాయతీ పనిలో గానీ కాంట్రాక్టులో గానీ ప్రయోజనం ఉన్నవాడు సభ్యుడిగా ఉండడానికి అనర్హుడు. కంపెనీలో ఉత్త వాటాదారుడైతే పర్వాలేదు, డైరెక్టర్ అయితే కుదరదు. వీధి దీపాలు, సీసీ రోడ్డు ముక్క చూసుకునే వార్డు మెంబరుకు ఈ కట్టుబాటు పెట్టారు. వేల కోట్ల ప్రాజెక్టులు, రింగ్ రోడ్డు అలైన్‌మెంట్లు, మెడికల్ కాలేజీ ఫీజులు, గనుల లీజులు తేల్చేవాళ్ళకు మాత్రం కంపెనీ ముసుగు వేసుకునే వీలు ఇచ్చారు. ఇది నాకు అన్యాయంగా అనిపిస్తోంది, మొహమాటం లేకుండా చెబుతున్నాను.

వ్యాపారాలున్నవాళ్ళు రాజకీయాల్లోకి రాకూడదని నేను అనను. కాలేజీ నడిపినవాళ్ళకు చదువుల కష్టం తెలుస్తుంది, ఆసుపత్రి నడిపే డాక్టరుకు ఆరోగ్యశ్రీ బిల్లుల ఆలస్యం తెలుస్తుంది. వాళ్ళు మాట్లాడాలి. మాట్లాడే ముందు "నాకు ఇందులో ఇది ఉంది" అని చెప్పాలి. ఓటు వేసే చోట, కమిటీలో నిర్ణయం తీసుకునే చోట పక్కకు జరగాలి. 2012లో రాజ్యసభలో సుదర్శన నాచియప్పన్ గారు దీనికోసం ప్రభుత్వం తరఫున కాకుండా, సభ్యుడిగా సొంతంగా ఒక ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు.

మీరు చేయగలిగిన పని ఒకటుంది. రాజ్యసభ సభ్యుల సంగతి కావాలంటే 10 రూపాయల ఫీజు కట్టి, సమాచార హక్కు కింద రాజ్యసభ సచివాలయానికి దరఖాస్తు పెట్టండి. ఫలానా సభ్యుడు ప్రయోజనాల రిజిస్టర్‌లో ఏం రాశారో ఇవ్వండి అని అడగండి. మీ లోక్‌సభ ఎంపీకి అయితే నేరుగా ఉత్తరమే రాయండి. ఇందాక చెప్పిన ఆ ఐదు ప్రశ్నలూ వరసగా రాసి, మీ అంతట మీరే జవాబు ప్రకటిస్తారా అని గౌరవంగా అడగండి. చట్టం అడగకపోయినా చెప్పకూడదని ఎక్కడా లేదు. ఏ పార్టీ ఎంపీ అయినా సరే, జవాబు ఇచ్చినవాళ్ళ ఉత్తరం నాకు పంపించండి. ఇక్కడే మొత్తం చదివి వినిపిస్తాను.