ఆరడుగుల దూరం, అయిదు సెకన్ల లెక్క

(విజయవాడలో దేవస్థానం, పర్యాటక, నగరపాలక సిబ్బందికీ కళాసంఘాల బాధ్యులకూ ఇచ్చిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

2027లో గోదావరి పుష్కరాలు, 2028లో కృష్ణా పుష్కరాలు. మళ్లీ ఏదైనా మహమ్మారి వచ్చినా రాకపోయినా మనకు ఇదే కొండ, ఇవే ఘాట్లు, ఇవే హాళ్లు. కొవిడ్ కాలంలో గుళ్ల మీద, నాటకాల మీద, పర్యాటక స్థలాల మీద పెట్టిన ఆంక్షల్లో ఏవి పనిచేశాయి, ఏవి కాగితం మీదే మిగిలాయి అన్నది నిదానంగా కూర్చుని చూసుకోవడానికి ఇదే సమయం. జబ్బు గుమ్మంలోకి వచ్చాక లెక్కలు వేసే తీరిక ఎవరికీ ఉండదు.

అధికారం సంగతి ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. దేశమంతటికీ వర్తించిన ఆదేశాలు 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద వచ్చాయి. రాష్ట్రం 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద 2020 మార్చిలో నిబంధనలు జారీ చేసింది. జిల్లాలో కలెక్టరు విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షులు. గుంపులు కూడకుండా 144 సెక్షన్ ఉండేది. 2024 జులై 1 నుంచి అదే అధికారం కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 163వ సెక్షన్‌గా ఉంది. మీ దగ్గర పాత నమూనా ఉత్తర్వులు ఉంటే సెక్షన్ల నంబర్లు ఈ వారమే మార్చి పెట్టుకోండి.

ఇక అసలు విషయం. ఆ రెండేళ్లలో వచ్చిన ఉత్తర్వులు వరసగా చదివితే అన్నిటిలోనూ కనిపించేది ఒక అంకె. పెళ్లికి 50, అంత్యక్రియలకు 20. 2020 సెప్టెంబరు 21 నుంచి సభకు 100. అక్టోబరులో సినిమా హాళ్లకు సగం సీట్లు, మూసి ఉన్న హాల్లో సభకు సగం సీట్లు, అదీ 200 దాటకుండా. 2022 జనవరిలో మన రాష్ట్రంలో ఆరుబయట 200, లోపల 100. అంకె అవసరమే, కాదనను. కానీ ఎంతమంది అన్నది చెప్పి ఊరుకుంటే ఉత్తర్వు సగమే రాసినట్టు. ఎంతసేపు, ఎంత చోటులో, ఏ గాలిలో, ఎన్నాళ్ల ముందు చెప్పి అన్నవి మిగతా సగం. గాడి తప్పిన చోటల్లా తప్పింది ఆ రెండో సగంలోనే.

ఇంద్రకీలాద్రి తీసుకోండి. 2020 దసరాకు రోజుకు 10,000 మందికే దర్శనం అన్నారు, ముందుగా ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకున్నవాళ్లకు. రోజుకు 15 గంటలు దర్శనం అనుకుందాం. గంటకు 667 మంది, నిమిషానికి 11 మంది, అంటే 5.4 సెకన్లకు ఒకరు అమ్మవారి ముందు నుంచి కదలాలి. మనిషికీ మనిషికీ ఆరడుగులు, అంటే 1.83 మీటర్లు. ఒకే వరస అయితే ఆ వరస సెకనుకు 34 సెంటీమీటర్ల చొప్పున ఆగకుండా నడవాలి. నెమ్మది నడకే, సాధ్యమే. అయితే ఒక్క పెద్దావిడ గర్భగుడి ఎదుట అరనిమిషం కళ్లు మూసుకుని నిలబడితే వెనక అయిదారుగురు ఒకరిమీదికొకరు వచ్చేస్తారు. ఆవిడ చేసింది తప్పా? ఆ అరనిమిషం కోసమేగా అంత దూరం నుంచి వచ్చింది. అందుకని దర్శనం దగ్గర ఆగడానికి చోటు వదిలి, పక్కన రెండో దారి పెట్టాలి. తోసి పంపించే వాలంటీరు కంటే ఆ రెండో దారే ఎక్కువ పని చేస్తుంది.

వరస పొడవు ఇంకో సంగతి. మామూలు రోజుల్లో క్యూలో మనిషికి 45 సెంటీమీటర్లు పడతాయి. వెయ్యి మంది అంటే 450 మీటర్లు. ఆరడుగుల ఎడం పెడితే అదే వెయ్యి మందికి 1.83 కిలోమీటర్లు. ఆ అదనపు పొడవు ఎక్కడికి పోతుంది? ఘాట్ రోడ్డు మీదికి, కొండ వారకు, ఎండలోకి, వానలోకి. అదే దసరాల్లో, 2020 అక్టోబరు 21న, మూలా నక్షత్రం రోజున, ఇంద్రకీలాద్రి మీద కొండచరియలు విరిగిపడ్డాయి. కింద కృష్ణలో వరద. జబ్బు ఆంక్ష, కొండ ప్రమాదం, నది ప్రమాదం మూడూ ఒకే వారంలో కలిశాయి. క్యూలైను ప్లాను గీసేటప్పుడు వైద్యశాఖ వాళ్ల పక్కన ఇంజనీరు కూడా కూర్చోవాలని అనేది అందుకే.

ఈ పొడవు తగ్గించే మార్గం ఒకటి మన చేతిలో ఉంది. ఒకే ఇంటివాళ్ల మధ్య ఎడం అక్కర్లేదు, వాళ్లు రాత్రి ఒకే గదిలో పడుకుని వచ్చారు. నలుగురి కుటుంబాన్ని ఒక జట్టుగా నిలబెట్టి, జట్టుకీ జట్టుకీ మాత్రమే ఆరడుగులు వదిలితే వెయ్యి మందికి సుమారు 900 మీటర్లే అవుతుంది. నేల మీద వేసే గుండ్రాలు మనిషికొకటి కాకుండా జట్టుకొక గడిగా వేయాలి. టికెట్ కూడా కుటుంబానికి ఒకటే ఇవ్వాలి.

గేటు దగ్గర జరిగేది మరీ దగ్గరగా చూడాలి. నుదుటికి థర్మల్ గన్ పెట్టి, అంకె చూసి, పంపడానికి మనిషికి పది సెకన్లు పడితే నిమిషానికి ఆరుగురు. మనకు కావలసింది పదకొండు. గన్ ఒకటే ఉంటే ప్రతి నిమిషం అయిదుగురు గేటు బయట మిగిలిపోతారు, గంటకు 300 మంది. రోగాన్ని ఆపడానికి పెట్టిన గేటే గుంపును తయారు చేస్తుంది. టికెట్ మీద క్యూఆర్ కోడ్ చదవడానికి 15 సెకన్లు పడితే అక్కడ మనుషులు ముగ్గురు కావాలి. చెప్పుల స్టాండ్ ఇంకో ముడి. కేంద్ర ఆరోగ్యశాఖ 2020 జూన్ 4 మార్గదర్శకాల్లో చెప్పులు వీలైతే సొంత వాహనంలోనే విడవమంది. కారులో వచ్చినవాళ్లకు సరే, ఆర్టీసీ బస్సు దిగి వచ్చినవాళ్ల సంగతి? వాళ్ల చెప్పులు గేటు ముందే గుట్ట పడతాయి. ఇంకొకటి, ఎండలో నడిచి వచ్చిన మనిషి నుదురు కాలి ఉంటుంది. నీడలో అయిదు నిమిషాలు కూర్చోబెట్టకుండా గన్ పెడితే అంకె తప్పు చూపిస్తుంది.

పుష్కరాలకు వస్తే, 2020 నవంబరు 20 నుంచి డిసెంబరు 1 వరకు తుంగభద్ర పుష్కరాలు జరిగాయి. నదీ స్నానం వద్దన్నారు, పిండప్రదానాలకు ఈ-టికెట్ మీద సమయం ఇచ్చారు. గుంపు కట్టే పనిని, సమయం కేటాయించగల పనిని విడదీయడం మంచి ఆలోచనే. అయితే పుష్కరానికి స్నానమే ప్రాణం. ఘాట్ పైన జల్లు స్నానం పెడితే మనిషికి నాలుగు నిమిషాలు, ఒక జల్లు కింద గంటకు 15 మంది, 100 జల్లులకు గంటకు 1,500 మంది. ఈ అంకె ముందే ప్రకటిస్తే ఎన్ని బస్సులు నడపాలో ఆర్టీసీకి తెలుస్తుంది. ఫోను లేనివాళ్లకు ఊళ్లోని సచివాలయంలో కౌంటరు తప్పనిసరి. ఆన్‌లైన్ టికెట్ ఒక్కటే అంటే పల్లె నుంచి వచ్చే ముసలివాళ్లను వెనక్కి పంపడమే.

ఇప్పుడు హాళ్లు. సగం సీట్లు అంటే సీటు విడిచి సీటు. సీటు వెడల్పు రెండడుగుల లోపే. ఒకటి వదిలితే ఇద్దరి మధ్య మూడున్నర అడుగులు. ఆరడుగులు నిజంగా పాటిస్తే వంద సీట్లలో పదిహేను నిండటం కూడా కష్టం. సగం అన్నది దూరం లెక్కకు అందే అంకె కాదు, టికెట్ డబ్బులతో హాలు నడవాలన్న సర్దుబాటు. సర్దుబాటు అని బాహాటంగా చెప్పి ఉంటే, మిగతా జాగ్రత్త గాలి మీద పెట్టి ఉండేవాళ్లం.

గాలి ఎందుకంటే, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం స్కాజిట్ కౌంటీలో 2020 మార్చి 10న ఒక బృందగాన సాధన జరిగింది. 61 మంది, రెండున్నర గంటలు. వాళ్లలో అప్పటికే జబ్బు ఉన్న ఒకరి నుంచి 52 మందికి అంటుకుంది, ఇద్దరు చనిపోయారు. గొంతెత్తి పాడితే మామూలు మాట కంటే ఎక్కువ తుంపరలు, అతి సన్నవి, గాలిలో తేలేవి బయటికి వస్తాయి. మన పద్యనాటకంలో ఎత్తు శ్రుతిలో సాగే రాగం, బుర్రకథలో కథకుడు, ఇద్దరు వంతలు మొహంలో మొహం పెట్టి అందుకునే తందాన, భజన మండలి, ఇవన్నీ ఆ కోవలోవే. వేదికకూ ముందు వరసకూ మధ్య ఆరడుగులు సరిపోవు, కనీసం రెండింతలు వదలాలి. హార్మోనిస్టు, మృదంగం పక్కకు జరగాలి. మైకు ఎవరిది వాళ్లదే. తుడిచేటప్పుడు 70 శాతం ఆల్కహాల్ గుడ్డ మీద వేసి తుడవాలి గానీ మైకు మీద కొట్టకూడదు. మృదంగం మూతకు ఆ ఆల్కహాల్ తగలనివ్వకండి, తోలు, కరణి (మధ్యలో ఉండే నల్లటి పూత) పాడవుతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్చిలో చెప్పిన కొలత ప్రకారం ఇళ్లు కాని భవనాల్లో మనిషికి సెకనుకు 10 లీటర్ల బయటి గాలి కావాలి. 200 మంది సభకు సెకనుకు 2,000 లీటర్లు, అంటే గంటకు 7,200 ఘనపు మీటర్లు. స్ప్లిట్ ఏసీ ఒక్క లీటరు బయటి గాలి కూడా తీసుకురాదు, ఉన్న గాలినే తిప్పుతుంది. ఏసీ 24 నుంచి 30 డిగ్రీల మధ్య పెట్టమన్న నిబంధన అందరూ పాటించారు, తలుపులు తీయమన్న మాట చాలాచోట్ల మరిచారు. బొగ్గుపులుసు గాలి (కార్బన్ డయాక్సైడ్) కొలిచే మీటరు ఒకటి హాలు మధ్యలో పెడితే చాలు. బయట గాలిలో అది పది లక్షల పాళ్లకు 420 పైచిలుకు ఉంటుంది. లోపల 800 దాటితే తలుపులు తీయాలి, 1,000 దాటితే విరామం ఇచ్చి జనాన్ని బయటికి పంపాలి. తుమ్మలపల్లివారి కళాక్షేత్రం లాంటి పెద్ద హాలుకైనా, గుంటూరులో చిన్న సంఘం హాలుకైనా ఇదే లెక్క.

ఆరుబయలు అన్నంత మాత్రాన అంతా ఆరుబయలు కాదు. ఉండవల్లి గుహల బయటి మెట్లు, తోట వేరు, పై అంతస్తులో శయన విష్ణుమూర్తి ఉన్న గది వేరు. ఆ గదికి విడిగా పరిమితి రాయాలి. కేంద్ర పురావస్తు శాఖ 2020 మార్చి 17న దేశంలోని 3,691 కట్టడాలను మూసింది. పూజలు జరిగే 820 జూన్ 8న, మిగతావి జులై 6 నుంచి తెరిచేందుకు వీలు కలిగింది. మూయడం అందరికీ ఒకేసారి కుదురుతుంది. తెరవడం మాత్రం గది గదికీ వేరుగా ఆలోచించాల్సిన పని.

మందు కొట్టడం గురించి ఒక్క మాట. 33 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరు 30 గ్రాములు లీటరు నీళ్లలో కలిపితే ఒక శాతం ద్రావణం. నేలకు, మరుగుదొడ్లకు అది సరే. మనుషుల మీద కొట్టవద్దని కేంద్రం 2020 ఏప్రిల్ 18నే చెప్పింది. శిల్పాల మీద అసలే వద్దు. అమరావతి రాయి సున్నపురాయి. ద్రావణం ఆరాక ఉప్పు రాతి సందుల్లో గడ్డకట్టి, కొన్నాళ్లకు పై పొర పెచ్చులుగా లేస్తుంది. శిల్పం పోతే ఏ నిధితోనూ తిరిగి రాదు. అక్కడ మనుషుల చేతులు కడిగించండి, రాయి జోలికి పోకండి.

హోటళ్లను కొవిడ్ కేంద్రాలుగా మార్చిన విధానం మన ఊరికి మాననంత గాయం చేసింది. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున అలాంటి కేంద్రంలో మంటలు లేచి పది మంది చనిపోయారు. హోటల్‌ను వైద్యానికి ఇచ్చే ముందు అగ్నిమాపక ధ్రువపత్రం, రెండో మెట్లదారి, కరెంటు లోడు, శానిటైజర్ నిల్వ ఎక్కడ అన్నవి కాగితం మీద కాకుండా కాలితో తిరిగి చూడాలి. శానిటైజర్ అంటే ఆల్కహాలే, నిప్పంటుకుంటుంది. మెట్ల కింద డబ్బాలు పేర్చకూడదు.

డబ్బు సంగతి నాకు అన్నిటికంటే బాధ కలిగించే భాగం. దేశమంతా మూతపడిన మొదటి రోజు 2020 మార్చి 25. ఆ రోజు ఉగాది. మన దగ్గర నాటక సమాజాలకు శివరాత్రి నుంచి శ్రీరామనవమి, ఆ తర్వాత ఊరి జాతరలు, అదే ఏడాది తిండి. ఆ సీజను పోయింది. 2021లో ఏప్రిల్ 24 నుంచి రాత్రి కర్ఫ్యూ, మే 5 నుంచి మధ్యాహ్నం 12 నుంచే కర్ఫ్యూ. రాత్రి పది దాటాక తెర లేచే నాటకానికి రెండో సీజనూ పోయింది. బయానా తీసుకున్న కాంట్రాక్టరు దాన్ని తిరిగి ఇవ్వాలి, ఆ బయానా అప్పటికే మేకప్ మనిషికీ, సీన్లు కట్టేవాడికీ, వ్యానుకూ పంచేశాడు.

సాయం ఎవరికి అందింది? 2021 జూన్‌లో ప్రకటించిన కేంద్ర హామీ పథకంలో పర్యాటక సంస్థకు 10 లక్షల దాకా, గుర్తింపు ఉన్న గైడుకు లక్ష రూపాయల దాకా అప్పు. వీధి వ్యాపారికి పీఎం స్వనిధి పథకం కింద అప్పట్లో మొదటి విడత 10,000. అన్నీ అప్పులే, అన్నిటికీ గుర్తింపు కార్డు కావాలి. ఆటే లేనప్పుడు కళాకారుడు అప్పు తెచ్చుకుని ఏ ఆదాయంతో తీరుస్తాడు? ఆంక్ష పెట్టిన ప్రభుత్వమే, ఆంక్ష ఉన్నన్నాళ్లు నెలకింత అని బ్యాంకు ఖాతాలో వేయాలి. అదీ దరఖాస్తు అడగకుండా.

గడువు కూడా డబ్బే. 2021లో వినాయక చవితి సెప్టెంబరు 10న. వీధి పందిళ్లు కుదరవని, ప్రైవేటు స్థలాల్లో ఒకసారికి అయిదుగురికి మించకుండా పూజ చేసుకోవచ్చని హైకోర్టు తేల్చేసరికి పండగ ముంగిట్లో ఉంది. విగ్రహం చేసేవాళ్లు మట్టి కొన్నది అంతకు నెలల ముందు. 2022 జనవరి 10న రాత్రి కర్ఫ్యూ అని చెప్పి, సంక్రాంతి ప్రయాణాల వల్ల 18కి జరిపారు. జరపడం న్యాయమే. ఆ న్యాయం మొదటి ఉత్తర్వులోనే ఉండాల్సింది. పండగకు 45 రోజుల ముందు ఒక తాత్కాలిక నిర్ణయం, 15 రోజుల ముందు తుది నిర్ణయం అని రాసిపెట్టుకుంటే, ఏ మట్టి కొనాలో ఏ బయానా తీసుకోవాలో వాళ్లే చూసుకుంటారు.

అందుకు ఇప్పుడే మొదలుపెట్టగల పని ఒకటుంది. ప్రతి మండలంలో ఒక రిజిస్టరు. పేరు, కళ, జట్టులో ఎంతమంది, సీజను ఏ నెలలు, బ్యాంకు ఖాతా. వాయించేవాళ్లే కాదు, మైకు సెట్టు, లైట్లు, మేకప్, సీన్లు మోసేవాళ్లు కూడా. భవానీ ద్వీపానికి పడవ నడిపేవాళ్లు, ఉండవల్లి దగ్గర కొబ్బరి బోండాలు అమ్మేవాళ్లు కూడా అందులో ఉండాలి. నమూనా ఫారాలు ఈ బల్ల మీద పెట్టాం. పక్కనే ఘాట్ రోడ్డు నక్షా ఉంది, జట్టు గడులు పెన్సిల్‌తో గీసి ఉన్నాయి. క్యూలైన్లు రోజూ నడిపేవాళ్లు ముందుగా వచ్చి, ఎక్కడ ముడి పడుతుందో దాని మీదే గుర్తు పెట్టండి.